బాబుకి ఏడీహెచ్‌డీ అన్నారు, మూడు నెలల థెరపీ ప్యాకేజీ చెప్పారు. కట్టాలా? (విజయవాడ)

పటమట_అమ్మ

బాబుకి 9 ఏళ్లు, నాలుగో తరగతి, సీబీఎస్‌ఈ. మాచేత, క్లాస్ టీచరుచేత ఫారాలు నింపించి పిల్లల సైకియాట్రిస్టు కంబైన్డ్ టైప్ ఏడీహెచ్‌డీ (ధ్యాస నిలవకపోవడం, అతి చురుకు రెండూ ఉన్న రకం) అని రాశారు. "బిహేవియర్ థెరపీ మొదలుపెట్టండి, మందు సంగతి వచ్చే విజిట్‌లో చూద్దాం" అన్నారు. ఇంటి దగ్గరున్న ఒక సెంటర్‌లో నెలకు 12 సిట్టింగులు, ఒక్కోటి 45 నిమిషాలు, మూడు నెలల డబ్బు ముందే కట్టమంటున్నారు. బాబుని లోపలికి తీసుకెళ్తారు, మేం బయట కూర్చోవాలి. లోపల పూసలు గుచ్చడం, పజిల్స్, ట్రాంపోలిన్ చేయిస్తారట.

అడగాల్సినవి ఇవి. ఈ ప్యాకేజీ పనికొస్తుందా? ఇంట్లో మేం ఏం చేయాలి? క్లాసులో 50 మంది, టీచరుని ఎంతవరకు అడగొచ్చు? ఇంకొకటి, పాపకి 14, తొమ్మిదో తరగతి. అల్లరి లేదు, గొడవ లేదు, కానీ పుస్తకం ముందు రెండు గంటలు కూర్చుని ఒక పేజీ కూడా తిప్పదు. రోజూ ఏదో ఒకటి పారేసుకుని వస్తుంది. తనకీ చూపించాలా? మా అత్తగారు మాత్రం "వాళ్ల నాన్న చిన్నప్పుడు ఇంతకంటే ఘోరం, పెద్దయితే వాడే సర్దుకుంటాడు" అంటున్నారు.

గవర్నర్‌పేట_క్లినిక్

ఇప్పుడే డబ్బు కట్టకండి. ముందు ఆ సెంటరు వాళ్లని మూడు ప్రశ్నలు అడగండి. మూడు నెలల్లో బాబు చేసే ఏ పని ఎంత మారాలని అనుకుంటున్నారు? అది మారిందో లేదో ఎట్లా లెక్కపెడతారు? తల్లిదండ్రులతో కూర్చునే సిట్టింగులు ఎన్ని? మూడోదానికి "చివర్లో ఐదు నిమిషాలు చెప్తాంగా" అన్నారంటే మీకు అక్కడ పని లేదు.

ఏం చేయాలో ఈ పిల్లలకి తెలుసు. తెలిసినదాన్ని చేయాల్సిన క్షణంలో చేయలేకపోవడమే ఇబ్బంది. గదిలో వాడొక్కడే, కొత్త బొమ్మలు, ఎదురుగా ఒక మనిషి చూపంతా వాడిమీదే. అలాంటి చోట దాదాపు ప్రతి పిల్లాడూ బుద్ధిగా కూర్చుంటాడు. అక్కడ 40 నిమిషాలు పూసలు గుచ్చినవాడే ఇంటికొచ్చి లెక్కల పుస్తకం ముందు 4 నిమిషాలు ఆగడు. అబద్ధం ఆ గదిలోదీ కాదు, ఈ ఇంట్లోదీ కాదు. చోటు మారింది, అంతే. అందుకని సాయం కూడా హోంవర్కు బల్ల దగ్గర, అన్నం తినే చోట, స్కూల్ బస్సు వచ్చే పది నిమిషాల ముందు, అంటే కష్టం ఎదురయ్యే చోటే ఉండాలి. ఆ వేళకి అక్కడుండేది థెరపిస్టు కాదు, మీరు. అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ 2019 మార్గదర్శకాల్లో కూడా 4 నుంచి 6 ఏళ్లలోపు పిల్లలకి మొదటి చికిత్స తల్లిదండ్రులకిచ్చే శిక్షణే. ఆరు దాటినవాళ్లకి మందు, ఈ శిక్షణ, స్కూల్లో ఏర్పాట్లు, మూడూ కలిపి.

కాబట్టి అడగాల్సింది "పేరెంట్ ట్రైనింగ్ ఇస్తారా" అని. మామూలుగా వారానికొకటి చొప్పున 8 నుంచి 12 సిట్టింగులు. ఎక్కువ సిట్టింగులకి బాబు రావాల్సిన పని కూడా ఉండదు. ఇచ్చేవాళ్లు క్లినికల్ సైకాలజిస్టు అయితే రీహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా రిజిస్ట్రేషన్ నంబరు ఉండాలి. అడిగితే మొహమాటపడకుండా చెప్పాలి, కౌన్సిల్ వెబ్‌సైట్‌లో మీరు సరిచూసుకోవచ్చు. గోడమీద ఫ్రేము కట్టిన "చైల్డ్ సైకాలజీ డిప్లొమా" దానికి సాటి రాదు.

ఆ శిక్షణలో ఏముంటుందో రాస్తాను, ఈ వారమే మొదలుపెట్టుకోవచ్చు.

మొదటి ఏడు రోజులు ఏమీ మార్చకండి, లెక్కపెట్టండి. "అల్లరి" లెక్కకి అందదు. "అన్నం ముందునుంచి లేవడం", "హోంవర్కు మొదలుపెట్టమని చెప్పాల్సి వచ్చిన సార్లు", "చెయ్యెత్తి కొట్టడం" లాంటివి అందుతాయి. రెండే ఎంచుకుని క్యాలెండర్ గళ్లలో గీతలు గీయండి. ఈ లెక్క లేకపోతే నెల తర్వాత బాగైందో లేదో ఇంట్లో ఒక్కొక్కరు ఒక్కో మాట చెబుతారు.

అదే వారం రోజూ 15 నిమిషాలు వాడితో ఆడండి. ఆట వాడిష్టం. మీరు ప్రశ్న అడగకూడదు, పని చెప్పకూడదు, నేర్పకూడదు. "ఇది ఏ రంగు నాన్నా" అన్నారంటే ఆట పోయి పరీక్ష అయిపోయింది. వాడు చేసేదాన్ని పక్కనుంచి మాటల్లో చెబుతుండాలి, "ఓహో, బ్రిడ్జి మీద లారీ ఎక్కించావే" అన్నట్టు. ఆరోజు ఎంత గొడవ చేసినా ఈ పావుగంట రద్దు కాకూడదు. చాలామంది శిక్షగా ముందు దీన్నే తీసేస్తారు, తర్వాత చెప్పేదేదీ పనిచేయదు. రోజంతా తిట్లే వినే పిల్లాడికి మీ మెప్పు విలువ తెలిసేది ఇక్కడే.

రెండోది, పని చెప్పే తీరు. వంటింట్లో మిక్సీ తిరుగుతుండగా "ఒరేయ్ స్నానం చేసి, బ్యాగు సర్దుకుని, షూ వేసుకోరా" అని కేకేస్తే మూడు పనుల్లో ఒక్కటీ చెవికెక్కదు. దగ్గరికెళ్లండి, చెయ్యి చాపితే అందేంత దూరానికి. పేరు పిలిచి, వాడు చూసేదాకా ఆగి, ఒక్క పని చెప్పండి. "తీస్తావా?" అని అడగొద్దు, "లెక్కల నోట్సు తీసి బల్లమీద పెట్టు" అని చెప్పాలి. చెప్పాక 5 సెకన్లు నోరు మూసుకోవాలి. అన్నిట్లోకీ కష్టం ఇదే. ఆ 5 సెకన్లలో మళ్లీ చెప్పేస్తే వాడికి మొదటిమాట వినక్కర్లేదని మనమే నేర్పినట్టు. చేయగానే ఏం చేశాడో పేరుపెట్టి మెచ్చుకోండి. ఉత్త "గుడ్ బాయ్" అంటే దేనికో వాడికి తెలియదు.

మూడోది గోలీల సీసా. గాజుసీసా, 30 గోలీలు, గోడకి నాలుగు పనుల బొమ్మల పట్టీ: పళ్లు తోముకోవడం, స్నానం, టిఫిన్, బ్యాగు. ఒక్కో పనికి ఒక గోలీ, పని అయిన క్షణంలోనే సీసాలో పడాలి, చప్పుడు వినపడాలి. ధరల పట్టీ ముందే వాడితో కలిసి రాసుకోండి: 3 గోలీలకి 20 నిమిషాల టీవీ, 6కి నాన్నతో బందరు కాలువ గట్టుమీద సైకిలు, 15కి పునుగులో ఐస్‌క్రీమో. మొదటి వారంలో రోజుకి నాలుగింట మూడు సంపాదించేంత తేలిగ్గా ఉండాలి. పెద్దవాళ్లు ఎక్కువగా తప్పుచేసేది ధర దగ్గరే: "నెలంతా బాగుంటే సైకిలు కొనిపెడతా" అంటారు. ఈ పిల్లలకి నెల అన్నది లేనట్టే. రెండు వారాలకి బహుమతి పాతబడుతుంది, సీసా పనిచేయడం మానేసిందనుకుంటారు; బహుమతి మార్చితే మళ్లీ కదులుతుంది. మొదటి రెండు వారాలు గోలీలు వెనక్కి తీయడం వద్దు. తర్వాత తీసినా సీసా ఎప్పుడూ అప్పులోకి పోకూడదు. సున్నా కిందకి వెళ్లిన పిల్లాడికి ఆరోజు పోగొట్టుకునేది ఇంకేం ఉండదు.

పెంకి మాటలు, సణుగుడు, నేలమీద పడి ఏడవడం లాంటివి పట్టించుకోకుండా వదిలేయాలి. వదిలేయగానే తగ్గవు, ముందు పెరుగుతాయి. మూడునాలుగు రోజులు ఇల్లు ఎగిరిపోతుంది. మూడోరోజు నాయనమ్మ "పాపం పిల్లాడు" అని ఫోను చేతిలో పెట్టిందా, ఇంకొంచెం గట్టిగా ఏడిస్తే వస్తుందని వాడు నేర్చుకున్నాడు, మొదటికంటే ఎక్కువైపోయింది. కాబట్టి అత్తగారిని ఒప్పించకుండా ఇది మొదలుపెట్టొద్దు. వద్దనడం కంటే ఆవిడకి ఒక పని అప్పజెప్పడం మేలు: గోలీలు వేసే అధికారం ఆవిడదే అనండి.

కొట్టడం, కరవడం, వస్తువులు విసరడం మాత్రం వదిలేసేవి కావు. వాటికి టైమ్ అవుట్: హాల్లో ఒక కుర్చీ, వయసులో ఏడాదికి ఒక నిమిషమే పై హద్దు, వాడికైతే 5 చాలు. బాత్రూమ్‌లో పెట్టి గడియ వేయడం, చీకటి గది, గోడకుర్చీ దీనికిందకి రావు.

అత్తగారి మాట గురించి. "వాళ్ల నాన్న కూడా ఇంతే" అన్నది ఊరడింపు కాదు, మాకు అది కేస్ షీటులో రాసుకునే సమాచారం. కవల పిల్లల అధ్యయనాల్లో దీంట్లో వారసత్వం వాటా 70–80 శాతం దాకా తేలింది. పైకి పరుగులు తగ్గుతాయి, నిజమే. మరుపు, వాయిదా, పని మొదలుపెట్టలేకపోవడం చాలామందిలో ఉండిపోతాయి. 2007లో అమెరికా జాతీయ మానసిక ఆరోగ్య సంస్థ వాళ్లు మెదడు స్కానుల్లో చూస్తే, మెదడు పైపొర మందం గరిష్ఠానికి చేరే సగటు వయసు మామూలు పిల్లల్లో 7.5, వీళ్లలో 10.5. ఆలస్యం సుమారు మూడేళ్లు. 9 ఏళ్లవాడికి 6 ఏళ్ల పిల్లాడికిచ్చే ఆసరా ఇవ్వమని మేం చెప్పేది అందుకే. ఇంకోమాట, నాన్నకీ ఆ లక్షణాలుంటే గోలీల పట్టీ రెండో వారంలో ఆగిపోతుంది. బద్ధకం అనుకుని దెప్పొద్దు, ఆయన ఫోన్లో రాత్రి 8కి అలారం పెట్టండి.

సుద్దముక్క_గుంటూరు

స్పెషల్ ఎడ్యుకేటర్ని. స్కూలు సంగతి నేను రాస్తా.

50 మంది క్లాసులో టీచర్ని పెద్ద పెద్దవి అడగొద్దు. "కొంచెం స్పెషల్ కేర్ తీసుకోండి మేడమ్" అంటే ఆవిడ తలూపుద్ది, తర్వాత ఏమీ జరగదు. ఎందుకంటే ఏం చేయాలో మీరు చెప్పలా. కాయితం మీద మూడు అడగండి.

ఒకటి సీటు. ముందు బెంచీ అంటే చాలదు. కారిడార్ గుమ్మానికి, కిటికీకి దూరంగా, నెమ్మదైన పిల్లాడి పక్కన, టీచరు నడుస్తూ భుజం తట్టగలిగే చివర. గోడవైపు మూల పెడితే లేవాల్సినప్పుడల్లా ముగ్గుర్ని దాటాలి, అదో గొడవ.

రెండు, కదిలే పని. పీరియడ్‌కి ఒకసారి బోర్డు తుడవడం, సుద్దముక్కలు తేవడం, నోట్సులు పంచడం. లేవడం ఎలాగూ తప్పదు, లేచేది పనిమీద లేస్తాడు. ఇంటర్వెల్‌లో బయటికి పంపకుండా హోంవర్కు రాయించే అలవాటు కొన్ని చోట్ల ఉంది. దాన్ని మాత్రం గట్టిగా వద్దనండి. కదలక తప్పని పిల్లాడికి కదిలే టైమే తీసేస్తే నాలుగో పీరియడ్ ఎట్లా ఉంటదో వాళ్లే చూస్తారు.

మూడు, రోజు కార్డు. అసలు సరుకు ఇదే. పోస్టుకార్డంత అట్ట, పైన పీరియడ్లు, పక్కన రెండు లేక మూడు పనులు. పనులు చేయకూడనివి కాకుండా చేయాల్సినవిగా, లెక్కకి అందేట్టు రాయాలి. "మాట్లాడకూడదు" కాదు, "చెయ్యెత్తి అడిగాడు". "బుద్ధిగా ఉండాలి" కాదు, "చెప్పిన రెండు నిమిషాల్లో నోట్సు తెరిచాడు". పీరియడ్ చివర టీచరు టిక్కో సున్నానో పెడుద్ది, పది సెకన్ల పని. వ్యాఖ్యలు రాసే గడి పెట్టొద్దు. గడి ఉంటే "టూ మచ్ నాటీ" అని రాస్తారు, సాయంత్రం ఇంట్లో దాని మీద పంచాయతీ.

హద్దు ఎక్కడ పెట్టాలన్నది ఊహతో చేయకండి. ఐదు రోజులు టీచరుచేత ఊరికే లెక్కపెట్టించండి. పీరియడ్‌కి ఆరుసార్లు సీటు వదులుతుంటే మొదటి హద్దు "నాలుగుకి మించకుండా". మొదటి వారం కార్డులో పదింట ఏడెనిమిది టిక్కులు పడాలి. వరసగా వారం పడితే మూడుకి దించండి. మొదటిరోజే సున్నా అని పెట్టే స్కూళ్లు ఉంటాయి. మంగళవారానికి పిల్లాడు కార్డుని బస్సు కిటికీలోంచి విసిరేస్తాడు.

కార్డు విలువ ఇంట్లో. అదేరోజు సాయంత్రం బడినుంచి రాగానే లెక్కచూసి గోలీలు పడాలి, ఆదివారందాకా దాచకూడదు. కార్డు ఇంటికి రాలేదంటే ఆరోజు లెక్క సున్నా, తిట్లు మాత్రం వద్దు. ఈ ఒక్క నియమం లేకపోతే టిక్కులు తగ్గిన రోజునే కార్డు పోద్ది. అట్ట డైరీ జిప్పు కవర్లో కట్టేసి ఉంచండి.

పై సమాధానంలో లేనిది ఒకటి. ఏడీహెచ్‌డీతో పాటు చదవడం, రాయడంలో ఇబ్బంది అంటే లెర్నింగ్ డిజబిలిటీ కూడా చాలామందిలో కలిసి ఉంటది. బాబు కథ వింటే అర్థం చేసుకుని, అదే చదివితే తడబడుతుంటే, బోర్డు మీదది ఎక్కించడంలో అక్షరాలు వదిలేస్తుంటే దానికి వేరే పరీక్ష చేయించాలి. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో ఇచ్చిన 21 రకాల్లో స్పెసిఫిక్ లెర్నింగ్ డిజబిలిటీ ఉంది, ఏడీహెచ్‌డీ పేరు విడిగా లేదు. పదో తరగతిలో అదనపు టైము అడగాలంటే మీ చేతిలో ఉండాల్సిన కాయితం ఏదో దీన్నిబట్టే తేలుద్ది. సీబీఎస్‌ఈలో మూడు గంటల పేపరుకి గంట అదనం. తొమ్మిదిలో నిద్రలేచి సర్టిఫికెట్‌కి తిరిగే బదులు ఇప్పుడే పరీక్ష చేయించుకుంటే మేలు.

పటమట_అమ్మ

ఇద్దరికీ చాలా థాంక్స్ అండీ. గోలీల సీసా ఈరోజే పెట్టాను. మందు గురించి భయంగా ఉంది. అలవాటైపోతుందని, తిండి తినడని, పిల్లాడు బొమ్మలా అయిపోతాడని అంటున్నారు. ఇంకొకాయన మందు లేకుండా పంచదార, మైదా మానేస్తే చాలన్నారు. మిడ్ బ్రెయిన్ యాక్టివేషన్ క్లాసు అని పాంప్లెట్ కూడా ఇచ్చారు.

కొత్తపేట_ఓపీ

పాంప్లెట్ చెత్తబుట్టలో వేయండి. కళ్లకి గంతలు కట్టి చదివించే ఆ విద్యలో ముక్కుపక్క సందులోంచి చూడటం తప్ప ఏమీ లేదు. పంచదార వల్ల పిల్లలు అదుపుతప్పుతారన్నది నియంత్రిత పరీక్షల్లో నిలబడలేదు. మైదా తగ్గిస్తే ఒంటికి మంచిదే, కానీ అది దీనికి చికిత్స కాదు.

మందుకి ముందు చూడాల్సినవి చూశారో లేదో అడగండి. వినికిడి, కంటిచూపు. నిద్రలో గురక, నోరు తెరిచి పడుకోవడం ఉంటే ఎడినాయిడ్స్, అంటే ముక్కు వెనక పెరిగే కండ. సరిగా నిద్రలేని పిల్లాడు పగలు అచ్చం ఏడీహెచ్‌డీలానే ఉంటాడు. మాట మధ్యలో కొన్ని సెకన్లు శూన్యంలోకి చూసి, పిలిచినా పలక్కుండా, మళ్లీ ఏమీ కానట్టు ఉంటే అది ధ్యాస తప్పడం కాకపోవచ్చు, ఒక రకం ఫిట్స్. ఫోన్లో వీడియో తీసి చూపించండి. కుటుంబంలో చిన్నవయసులో హఠాత్తుగా గుండె ఆగి పోయినవాళ్లున్నా, బాబు ఆటలో కళ్లు తిరిగి పడిపోయినా డాక్టరుకి తప్పక చెప్పాలి. ఇవేవీ లేకపోతే రోగం తేల్చడానికి ఎంఆర్ఐ, ఈఈజీ అక్కర్లేదు.

ఎక్కువగా రాసేది మిథైల్‌ఫెనిడేట్. మామూలు మాత్ర అరగంట, గంటలోపు పట్టుకుని 3–4 గంటలు పనిచేస్తుంది. నెమ్మదిగా విడుదలయ్యే రకం ఎక్కువసేపు. చిన్న మోతాదుతో మొదలుపెట్టి వారం వారం చూసుకుంటూ పెంచుతారు. ఆ రోజుల్లో పైన చెప్పిన కార్డే మా చేతిలో కొలబద్ద. కార్డు తెచ్చే తల్లిదండ్రులకి మోతాదు కుదరడం సగం తేలిక.

ఆకలి తగ్గడం నిజం. అందుకే మాత్ర టిఫిన్ ముందు కాదు, కడుపునిండా టిఫిన్ పెట్టాక ఇవ్వాలి. ఇడ్లీ రెండు తిని పోయేవాడైతే గుడ్డో, నెయ్యి వేసిన పెసరట్టో కలపండి. మధ్యాహ్నం క్యారేజీ సగం వెనక్కి వస్తుంది, దానికోసం యుద్ధం చేయొద్దు. సాయంత్రం మందు దిగాక, మళ్లీ రాత్రి 8కి బాగా తింటాడు. ప్రతి విజిట్‌లో ఎత్తు, బరువు, బీపీ, నాడి రాయించండి. నిద్ర చెడకుండా సాయంత్రం మాత్ర ఇవ్వరు. మందు దిగే వేళకి, అంటే సాయంత్రం నాలుగైదు గంటల మధ్య, చికాకు ఎక్కువై ఏడుస్తుంటే అది మందు పడక కాదు, దిగుతున్నప్పటి లక్షణం. ఆ గంటలో ట్యూషన్ పెట్టకండి, ఆడుకోనివ్వండి.

"బొమ్మలా అయిపోతాడు" అన్నది కూడా ఒట్టి పుకారు కాదు. మోతాదు ఎక్కువైతే పిల్లాడు మందకొడిగా, ముభావంగా అవుతాడు. అంటే తగ్గించాలన్నమాట, భరించాలని కాదు. అలవాటు సంగతి: డాక్టరు చూస్తూ ఇచ్చిన పిల్లల్లో పెద్దయ్యాక మత్తు అలవాట్లు పెరిగినట్టు అధ్యయనాల్లో కనిపించలేదు.

రెండో మందు ఆటమాక్సెటిన్. ఇది రోజూ వేయాలి, ఫలితం కనపడటానికి 4 నుంచి 6 వారాలు పడుతుంది. పది రోజులు వేసి "ఏం లేదండీ" అని ఆపేస్తారు, అదే దీంతో జరిగే పొరపాటు. క్యాప్సూల్ విప్పి పాలల్లో కలపకూడదు, ఆ పొడి కంట్లో పడితే మంట. మొదట్లో కడుపు నొప్పి, మగత ఉండొచ్చు. అరుదే అయినా, దిగులు మాటలు, చచ్చిపోతానన్న మాటలు వినిపిస్తే ఆరోజే ఫోన్ చేయాలి.

మందులచీటీ

మందుల షాపు మాది, ఒక్క విషయం. మిథైల్‌ఫెనిడేట్ షెడ్యూల్ ఎక్స్ మందు, అంటే అమ్మకం మీద గట్టి ఆంక్షలున్న జాబితాలోది. అన్ని షాపుల్లో ఉండదు, ఆ లైసెన్సు ఉన్నచోటే అమ్మాలి. చీటీ రెండు కాపీలు రాయించుకోండి, ఒకటి షాపులోనే ఉంచుకుంటాం, రెండేళ్లు దాచాలి. వాట్సాప్ ఫోటో చూపిస్తే ఇవ్వడం కుదరదు, షాపు వాళ్లతో గొడవపడి లాభం లేదు. పది మాత్రలు మిగిలుండగానే రావాలి, సంక్రాంతి, దసరా సెలవులకి ముందైతే ఇంకా ముందే. ఆటమాక్సెటిన్‌కి ఈ రెండు కాపీల గొడవ లేదు.

గవర్నర్‌పేట_క్లినిక్

డబ్బు ఇబ్బందిగా ఉంటే ప్యాకేజీల వైపు చూడక్కర్లేదు. విజయవాడలో, గుంటూరులో ప్రభుత్వ సర్వజన ఆసుపత్రుల సైకియాట్రీ ఓపీలో చూపించుకోవచ్చు. రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం 2013 నుంచి 18 ఏళ్లలోపు పిల్లలకి పెట్టిన స్క్రీనింగు జాబితాలో ఏడీహెచ్‌డీ కూడా ఉంది. స్కూలుకో అంగన్‌వాడీకో ఆ బృందం వచ్చినప్పుడు జిల్లా సత్వర చికిత్స కేంద్రానికి రాయించుకోండి. రాత్రిపూట ఎవరితోనైనా మాట్లాడాలంటే టెలీ మానస్ (ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్) 14416, తెలుగులో మాట్లాడతారు, ఉచితం.

ఇంటర్_గేటు

పాప గురించి ఎవరూ రాయలేదు, అందరం బాబు దగ్గరే ఆగిపోయాం. ఆడపిల్లల విషయంలో జరిగేదే ఇది. క్లాసుకి అడ్డం రాని పిల్లని ఎవరూ డాక్టరు దగ్గరికి పంపరు.

తప్పక చూపించండి, కానీ "నీకూ అదే ఉందేమో" అని తీసుకెళ్లొద్దు. "చదవాలని కూర్చుంటావు, సాగట్లేదు, ఎందుకో తెలుసుకుందాం" అనండి. లక్షణాలు 12 ఏళ్లలోపే మొదలై ఉండాలన్నది నియమం కాబట్టి ఒకటి నుంచి ఆరో తరగతిదాకా ప్రోగ్రెస్ కార్డులు, పాత డైరీలు పట్టుకెళ్లండి. "కేర్‌లెస్ మిస్టేక్స్", "డే డ్రీమింగ్" అన్న టీచర్ల రాతలు అక్కడ బాగా పనికొస్తాయి. గత ఏడాదిలోనే మొదలైందంటే దిగులు, ఆందోళన, నిద్రలేమి, రక్తహీనత, థైరాయిడ్ వైపు ముందు చూస్తారు.

తొమ్మిదో తరగతి పిల్లకి గోలీల సీసా పెడితే మొహాన కొడుతుంది. ఇక్కడ పద్ధతి వేరు. ఏం మారాలో తను చెప్పాలి. మీకు ర్యాంకు కావాలి, తనకి వస్తువులు పోగొట్టుకుని తిట్లు తినకుండా ఉండటం కావాలి. తనదే ముందు పెట్టండి. ఆదివారం 20 నిమిషాలు, ఇద్దరే కూర్చుని వచ్చే వారం స్లిప్ టెస్టులు, రికార్డులు ఒక గోడ క్యాలెండర్ మీద రాయడం. మిగతా ఆరు రోజులు గంటగంటకీ అడగకపోవడం మీ వాటా. ఆ వాటా మీరు తప్పితే ఒప్పందం అక్కడితో అయిపోయినట్టే.

రెండు గంటలు కూర్చుని పేజీ తిప్పకపోవడానికి కారణం ఎక్కువగా మొదలు దగ్గరే ఉంటుంది. "ఫిజిక్స్ చదువు" అన్నది పని కాదు. "12వ పేజీ తెరిచి రెండో లెక్క మాత్రం ఎక్కించు" అన్నది పని. మొదటి అడుగు రెండు నిమిషాల్లో అయ్యేంత చిన్నది చేసి, తర్వాత 15 నిమిషాలకి టైమరు. ఫోన్ టైమరు వద్దు, ఆపడానికి ఫోను తీస్తే అరగంట పోతుంది. వంటింటి టైమరు కొనండి. గదిలో ఒంటరిగా తలుపేసుకుని చదవమనకండి, హాల్లో మీరు కూరగాయలు తరుగుతున్న బల్ల దగ్గరే కూర్చోనివ్వండి. పక్కన ఇంకో మనిషి పనిచేసుకుంటుంటే వీళ్లకి సాగుతుంది, మాట్లాడక్కర్లేదు. వస్తువులకి ఒకటే చోటు: గుమ్మం పక్క ఒక బుట్ట, ఐడీ కార్డు, కళ్లజోడు, బాటిల్ అందులోనే. రాత్రి 10కి ఇంట్లో అందరి ఫోన్లూ హాల్లో ఛార్జింగ్, నాన్న ఫోనుతో సహా. ఈ వయసుకి 8 నుంచి 10 గంటల నిద్ర కావాలి.

థెరపీ అంటే ఈ వయసులో నేరుగా పిల్లతోనే: పనిని ముక్కలు చేసుకోవడం, టైము అంచనా వేయడం, "నేనింతే, నావల్ల కాదు" అన్న ఆలోచనని పట్టుకోవడం నేర్పే సీబీటీ (ఆలోచనల్ని, అలవాట్లని మార్చుకునే థెరపీ) తరహా సిట్టింగులు. మందు రాస్తే తన ఒప్పుకోలు కావాలి. 14 ఏళ్ల పిల్ల నోట్లో మాత్ర పెట్టి మింగించలేరు, దిండు కింద దాస్తుంది.

హాస్టల్ గురించి ఇప్పుడే చెబుతున్నా, ఎందుకంటే పదో తరగతి అవ్వగానే ఈ ఊళ్లో ఆ మాటే వస్తుంది. పొద్దున 6 నుంచి రాత్రిదాకా స్టడీ అవర్స్, 40 మందికి ఒక వార్డెన్. పైన చెప్పిన బుట్ట, బల్ల, ఆదివారం మాట, అన్నీ ఒక్కరోజులో పోతాయి. ఏడీహెచ్‌డీ అని తేలితే డే స్కాలర్ సీటే చూడండి. తప్పనిసరైతే మందు వార్డెన్ దగ్గర తాళంలో ఉండాలి, ట్రంకుపెట్టెలో కాదు. ఇంకొకటి, పద్ధెనిమిది రాకుండా స్కూటీ తాళం ఇవ్వకండి. ఏడీహెచ్‌డీ ఉన్న కుర్రాళ్లలో రోడ్డు ప్రమాదాలు ఎక్కువ, బెంజ్ సర్కిల్ దగ్గర ఒక్క సెకను ధ్యాస తప్పితే చాలు. చట్టం ప్రకారం కూడా 2019 సవరణ తర్వాత మైనరు బండి నడిపి నేరం జరిగితే పెద్దవాళ్లకి 25 వేల జరిమానా, మూడేళ్ల దాకా జైలు.

పటమట_అమ్మ

పాపకి అపాయింట్‌మెంట్ తీసుకున్నాం. సెంటరు వాళ్లని మూడు ప్రశ్నలూ అడిగాను. "పేరెంట్స్ లోపలుంటే పిల్లలు డిస్టర్బ్ అవుతారు మేడమ్" అన్నారు, కట్టలేదు. చివరిగా ఒకటి. మార్చిలో ఒంటిపూట బడులు మొదలైతే కార్డు, మందు టైము ఎట్లా మార్చాలి?

సుద్దముక్క_గుంటూరు

కార్డు మామూలే, పీరియడ్లు తగ్గుతాయి కాబట్టి టిక్కులు తగ్గుతాయి. గోలీల ధరలు కూడా అదే లెక్కన తగ్గించండి, లేకపోతే జీతం కోశారని అలుగుతాడు. మధ్యాహ్నం ఇంట్లో ఖాళీగా ఉండే నాలుగైదు గంటలే అసలు చిక్కు, ఎండకి బయటికి పంపలేరు. అన్నం, పడక, ఒక బల్లాట, సాయంత్రం 5:30 తర్వాత బయట ఆట, ఇట్లా బొమ్మల పట్టీ ఇంకోటి గోడకి పెట్టండి. బడి పట్టీ తీసేయొద్దు, పక్కనే ఉండనివ్వండి.

కొత్తపేట_ఓపీ

మందు మొదలై ఉంటే ఆ వారానికి ముందే డాక్టరుకి చెప్పండి. బడి పొద్దున్నే మొదలవుతుంది కాబట్టి టిఫిన్ కూడా ముందుకి జరగాలి; ఆరున్నరకి ఏమీ తినని పిల్లాడికి ఖాళీ కడుపున మాత్ర వేసి పంపితే పదింటికి తలనొప్పి అంటాడు. రాత్రి పడకే అరగంట ముందుకి జరపండి, బడి మారే రోజు నుంచి కాదు, మూడు రోజుల ముందు నుంచి. మధ్యాహ్నం రెండో మాత్ర ఉన్నవాళ్లకి అది కావాలో వద్దో ఆ నెలకి మళ్లీ చూస్తారు, మీరే ఆపకండి. ఎండల్లో నీళ్ల సీసా ఖాళీ అయ్యిందో లేదో కార్డు మీద నాలుగో గడిగా పెట్టండి. ఈ మందు మీద పిల్లలకి తిండి అక్కర్లేనట్టే నీళ్లు తాగడం కూడా గుర్తుండదు.